రక్తనాళ కణాలు: పెంచే తీరు, స్రవించే తీరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రయోగశాలలో నేను చేసే పని ఏమిటో అందరికీ అర్థమయ్యేలా ఇరవై నిమిషాలు చెప్పమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. ఒక్క వాక్యంలో చెప్పాలంటే, రక్తనాళాల లోపలి గోడకు ఉండే కణాలను గిన్నెల్లో పెంచుతాం, అవి బయటికి వదిలే ప్రోటీన్లను కొలుస్తాం. ఆ పని గొప్పతనం చెప్పడానికి ఇరవై నిమిషాలు అక్కర్లేదు. అందులో ఉన్న ఒక చిక్కును చెప్పడానికి మాత్రం ఈ సమయం వాడుకుంటాను. ఆ చిక్కు మనం వేసుకునే మందులకూ, పేపర్లో చదివే వార్తలకూ, రేపు ఈ బడిలో కట్టబోయే సైన్సు ల్యాబుకూ సంబంధించినది.

రక్తనాళాన్ని మనం చాలాకాలం ఒక గొట్టం అనుకున్నాం. లోపల రక్తం పారుతుంది, గొట్టం దాన్ని మోస్తుంది, అంతే అనుకున్నాం. ఆ గొట్టం లోపలి వైపు ఒకే వరుసలో, పెంకులు పేర్చినట్టు, పల్చటి కణాలు ఉంటాయి. వీటిని ఎండోథీలియల్ కణాలు అంటారు. గుండె నుంచి కాలి వేలి కొస దాకా రక్తం తాకేది ఈ కణాలనే. ఇవి ఊరికే ఉండవు. రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్రోటీన్లను ఇవే వదులుతాయి, కట్టిన గడ్డను కరిగించే ప్రోటీన్లనూ ఇవే వదులుతాయి. నాళాన్ని బిగించే పదార్థాలు, వదులు చేసే పదార్థాలు కూడా వీటి దగ్గరే ఉన్నాయి. తాళమూ తాళంచెవీ ఒక్కరి చేతిలోనే ఉన్నట్టు.

అందులో మూడు పేర్లు గుర్తుపెట్టుకుంటే ఈ పూటకు చాలు. మొదటిది వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్. ఫిన్లాండుకు చెందిన వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ 1926లో ఒక వంశపారంపర్య రక్తస్రావ వ్యాధిని వర్ణించారు. ఆ వ్యాధిలో లోపించే ప్రోటీను ఇది. నాళానికి గాయమైన చోట పొడుగాటి తాడులా సాగి ప్లేట్‌లెట్లను పట్టుకుంటుంది. రెండవది టీపీఏ. ఇది గడ్డను కరిగించే పని మొదలుపెడుతుంది. పక్షవాతం వచ్చినప్పుడు తొలి గంటల్లోనే ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టర్లు తొందరపెడతారు కదా, అప్పుడు ఇచ్చే ఇంజెక్షన్లలో ఒకటి ఈ ప్రోటీనే. మూడవది పీఏఐ-1. ఇది టీపీఏకు కళ్లెం వేస్తుంది. టీపీఏ ఎక్కువైతే రక్తస్రావం, పీఏఐ-1 ఎక్కువైతే గడ్డలు. రెండింటి మధ్య తూకం కుదరాలి.

ఈ కణాలను శరీరం బయట పెంచడం చాలాకాలం ఎవరికీ సరిగా చేతకాలేదు. 1973లో న్యూయార్కులో ఎరిక్ జాఫీ, ఆయన సహచరులు మనిషి బొడ్డుతాడులోని సిర నుంచి వీటిని తీసి పెంచే పద్ధతిని ప్రచురించారు. కాన్పు తర్వాత మన ఊళ్లలో మాయను, బొడ్డుతాడును మట్టిలో పాతిపెడతారు. ఆ తాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. సిరను కడిగి, అందులో కొలాజినేజ్ అనే ఎంజైము నింపి, పది పదిహేను నిమిషాలు వెచ్చగా ఉంచితే గోడకు అంటుకున్న కణాలు ఊడి వస్తాయి. వాటిని పోషక ద్రవంలో వేసి, 37 డిగ్రీల దగ్గర పెంచుతారు. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను ఈ కణాలే తయారు చేస్తాయని అదే బృందం ఇలా పెంచిన కణాలతో చూపించింది.

ఇక్కడ మన తెలుగువారి పేరు ఒకటి తలుచుకోవాలి. కణాలకు పోసే ఆ పోషక ద్రవాల్లో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఈ పద్ధతి వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1988లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పంది మహాధమని కణాలను పెంచారు. ఆ కణాలు వదిలిన ద్రవంలోంచి 21 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ముక్కను వేరు చేశారు. దాని పేరు ఎండోథీలిన్. రక్తనాళాలను బలంగా బిగించే పదార్థం అది. దాన్ని అడ్డుకునే బోసెంటాన్ అనే మందును ఊపిరితిత్తుల నాళాల్లో రక్తపోటు పెరిగే జబ్బుకు 2001 నుంచి అమెరికాలో వాడుతున్నారు. గిన్నెలో మిగిలిన ద్రవాన్ని పారబోయకుండా పరీక్షించడం వల్ల వచ్చిన మందు అది. కాబట్టి నేను ఈ పద్ధతిని తప్పుపట్టడానికి రాలేదు. దాని తీరు తెలుసుకుని వాడుకోవాలని చెప్పడానికి వచ్చాను.

చిక్కు ఎక్కడుందంటే, ఎంత ప్రోటీను వదలాలన్నది కణం ఒక్కటే నిర్ణయించుకోదు. దాన్ని ఉంచిన చోటు కూడా నిర్ణయిస్తుంది. నారుమడిలో ఉన్న మొక్క వేరు, పొలంలో నాటిన మొక్క వేరు, కుండీలో పెట్టిన మొక్క వేరు. విత్తనం ఒకటే కదా అని దిగుబడి ఒకటే రాదు. రైతు కుటుంబాల నుంచి వచ్చినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

మొట్టమొదట ప్రవాహం సంగతి చూద్దాం. నాళంలో కణం మీదుగా రక్తం పగలూ రాత్రీ పారుతూనే ఉంటుంది. కాలువలో నీరు గట్టును రాసుకుంటూ పోయినట్టు, రక్తం ఈ కణాలను రాస్తూ పోతుంది. ఆ రాపిడికి కణాలు ప్రవాహం వాలుకు పొడుగ్గా సర్దుకుంటాయి. గిన్నెలో అయితే ద్రవం నిలవనీరు. కణాలకు ఒక దిశ అంటూ ఉండదు, గులకరాళ్లు పరిచినట్టు ఉంటాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1989లో ఈ తేడాను కొలిచి చూపించారు. కణాల మీదుగా ద్రవాన్ని పారించారు. సిరల్లో ఉండేంత చిన్న రాపిడి, అంటే చదరపు సెంటీమీటరుకు 4 డైన్లు ఉన్నప్పుడు, టీపీఏ స్రావం మారలేదు. ధమనుల్లో ఉండేంత రాపిడి పెట్టారు. 15 డైన్ల దగ్గర స్రావం 2.1 రెట్లు, 25 డైన్ల దగ్గర 3 రెట్లు అయింది. దానికి కళ్లెం వేసే పీఏఐ-1 మాత్రం మారలేదు.

దీని అర్థం ఏమిటో ఒకసారి ఆలోచించండి. కణాలు అవే, పోసిన ద్రవం అదే. నిలవ గిన్నెలో కొలిస్తే గడ్డను కరిగించే శక్తి తక్కువగా కనిపిస్తుంది, పారే ద్రవంలో కొలిస్తే ఎక్కువగా కనిపిస్తుంది. "రక్తనాళ కణం ఎంత టీపీఏ వదులుతుంది?" అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు లేదు. "ఎలా ఉంచినప్పుడు?" అని అడిగితేనే జవాబు ఉంటుంది.

ఇంకో తేడా కూడా ఉంది. నాళంలో వదిలిన ప్రోటీనును రక్తం వెంటనే తీసుకుపోతుంది. గిన్నెలో వదిలింది అక్కడే ఉంటుంది. 24 గంటలు, 48 గంటలు కణం తాను వదిలిన వాటిలోనే మునిగి ఉంటుంది. అందులో కొంత విరిగిపోతుంది, కొంత గిన్నెకు అంటుకుంటుంది, కొంతను కణమే తిరిగి లోపలికి తీసుకుంటుంది. చివర మనం కొలిచేది వదిలినదంతా కాదు, మిగిలింది మాత్రమే.

రెండవది, ఆహారం. ఈ కణాలకు పోసే ద్రవంలో సాధారణంగా పుట్టని దూడ రక్తం నుంచి తీసిన సీరం కలుపుతారు. సీరం అంటే రక్తం గడ్డకట్టిన తర్వాత మిగిలే ద్రవం. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు పగిలి తమలోని పెరుగుదల కారకాలను వదులుతాయి. అవన్నీ సీరంలో ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న నాళంలో పారేది ప్లాస్మా, సీరం కాదు. గాయమైన చోట మాత్రమే కణానికి సీరం లాంటిది తగులుతుంది. అంటే మనం గిన్నెలో పెంచే కణం తన పక్కనే గాయమైందనుకుని బతుకుతోంది. అందులోని టీజీఎఫ్-బీటా అనే పదార్థం పీఏఐ-1 తయారీని పెంచుతుందని తెలుసు. పైగా ఒక సీసాలోని సీరం ఇంకో సీసాలోని సీరంలా ఉండదు. అందుకే తెలివైన ప్రయోగశాలలు ఒక ప్రయోగం మొత్తానికి ఒకే బ్యాచి సీరం కొని పెట్టుకుంటాయి.

పోనీ సీరం మానేద్దామా అంటే, అదీ అంత తేలిక కాదు. సీరంలోని ప్రోటీన్లు మిల్లీగ్రాముల లెక్కలో ఉంటాయి. కణం వదిలేవి చాలావరకు నానోగ్రాముల లెక్కలో ఉంటాయి. ఒక మిల్లీగ్రాము అంటే పది లక్షల నానోగ్రాములు. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడిని వెతికినట్టు వెతకాలి. అందుకని కొలిచే ముందు కొన్ని గంటలు సీరం లేని ద్రవంలో ఉంచుతారు. అప్పుడు కొలవడం సులువవుతుంది. కానీ కణాలకు అది పస్తు. పస్తున్న కణం వదిలేవి వేరుగా ఉంటాయి, చచ్చిన కణాల్లోంచి కారినవి కూడా అందులో కలుస్తాయి.

చక్కెర సంగతి మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఉదయాన్నే షుగర్ చూసుకునేవాళ్లు తక్కువేం లేరు. పరగడుపున 100 లోపు ఉంటే సంతోషిస్తాం. ప్రయోగశాలల్లో విరివిగా వాడే డీఎంఈఎం అనే పోషక ద్రవంలో ఒక రకం ఉంది. అందులో గ్లూకోజు లీటరుకు 4.5 గ్రాములు. మన రిపోర్టు భాషలో చెప్పాలంటే 450. డాక్టరు ఆ అంకె చూస్తే వెంటనే ఆసుపత్రిలో చేరమంటారు. ఎం199 అనే ఇంకో ద్రవంలో అది 100. ఎక్కువ గ్లూకోజులో పెంచిన రక్తనాళ కణాలు ఫైబ్రోనెక్టిన్, నాలుగో రకం కొలాజెన్ వంటి గోడ ప్రోటీన్లను ఎక్కువగా తయారు చేస్తాయని 1980లలోనే చూపించారు. మధుమేహంలో సన్న నాళాల గోడలు మందమయ్యే తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఏ ద్రవంలో పెంచారో చూడకుండా "మామూలు కణాలు" అనుకుంటే, మనం మధుమేహం ఉన్న కణాలను మామూలు కణాలని పిలుస్తున్నట్టే.

ఆక్సిజన్ కూడా అంతే. పెంచే పెట్టెలో అది 18 శాతం పైనే ఉంటుంది. ధమని రక్తంలో ఉండేది సుమారు 13 శాతానికి సమానం, సిరల్లో 5 శాతం దరిదాపు. ఆక్సిజన్ తగ్గితే ఈ కణాలు ఎండోథీలిన్‌ను ఎక్కువగా వదులుతాయి. మరి ఏది మామూలు, ఏది తగ్గడం?

మూడవది, నేల. నాళంలో కణం మెత్తటి పొర మీద కూర్చుంటుంది, ఆ పొర కింద కండర కణాలు ఉంటాయి. గిన్నె అడుగు గట్టి ప్లాస్టిక్కు. ఆ ప్లాస్టిక్కు నాళపు గోడ కంటే వేల రెట్లు గట్టిది. దాని మీద జెలటిన్ పూస్తామా, ఫైబ్రోనెక్టిన్ పూస్తామా, కొలాజెన్ మెత్తని పరుస్తామా అన్నదాన్ని బట్టి కణం నడత మారుతుంది.

గిన్నె అడుగు మూసి ఉండటం వల్ల ఇంకో సంగతి దాగిపోతుంది. ఈ కణానికి రెండు ముఖాలు: ఒకటి రక్తం వైపు, ఒకటి గోడ వైపు. వదిలే ప్రోటీను ఎటు పోతుందన్నది ముఖ్యం. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను కణం చుట్టల్లాంటి సంచుల్లో దాచుకుంటుంది. 1964లో వీబెల్, పలాడే అనే ఇద్దరు ఆ సంచులను మొదట వర్ణించారు. రంధ్రాలున్న పొర మీద కణాలను పెంచితే పైకి పోయేదీ కిందికి పోయేదీ విడివిడిగా కొలవవచ్చు. 1989లో అలా కొలిచిన ఒక అమెరికన్ బృందం, కణాన్ని ప్రేరేపించినప్పుడు సంచుల్లోది ఎక్కువగా కిందికి, గోడ వైపు పోతుందని చెప్పింది. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు, సంచుల్లోది పైకి, రక్తం వైపు పోతుందనీ, సంచుల్లో చేరకుండా నిత్యం కారేది మాత్రమే కిందికి పోతుందనీ చెప్పారు. ఇద్దరూ నిజాయితీగా చేసినవాళ్లే. ఇలాంటప్పుడు ఎవరు గొప్ప అని పంచాయితీ పెట్టడం దండగ. రెండు వ్యాసాల్లోనూ "పద్ధతులు" అన్న భాగం తీసి, వరుస వరుసగా పక్కపక్కన పెట్టి చదవడమే దారి.

నాలుగవది, వయసు, చేతివాటం. గిన్నె నిండగానే కణాలను ట్రిప్సిన్‌తో ఊడదీసి కొత్త గిన్నెల్లో వేస్తారు. నారు పీకి నాటు వేసినట్టే. శరీరంలో ఈ కణాలు చాలా అరుదుగా విభజన చెందుతాయి. గిన్నెలో మాత్రం విడవకుండా విభజన చెందుతూ, నాలుగైదు నాట్లు దాటేసరికి తమ గుణం కోల్పోవడం మొదలుపెడతాయి. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ తగ్గుతుంది. ఒక బిడ్డ బొడ్డుతాడు నుంచి వచ్చిన కణాలు ఇంకో బిడ్డవాటిలా ఉండవు. పెట్టె తలుపు తీసి గిన్నెను బల్ల మీద ఎక్కువసేపు ఉంచితే కార్బన్ డయాక్సైడ్ పోయి ద్రవం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆమ్ల గుణం మారిందని అర్థం. నీళ్లలోనో గాజుసామానులోనో బ్యాక్టీరియా విషం లవలేశం ఉన్నా చాలు, ఈ కణాలు వాపుకు సంబంధించిన ప్రోటీన్లను గుమ్మరిస్తాయి. మనం మందు ప్రభావం అనుకున్నది మురికి ప్రభావం కావచ్చు.

అన్నిటికంటే పెద్ద పాఠం ఈసీవీ304 అనే కణాలది. బొడ్డుతాడు సిర నుంచి వచ్చిన, ఎన్నాళ్లయినా పెరిగే రక్తనాళ కణాలని 1990లో వీటిని ప్రకటించారు. చవక, సులువు కాబట్టి ప్రపంచమంతా వాడారు. 1999 నాటికి డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే, అవి మూత్రాశయ క్యాన్సరుకు చెందిన టీ24 అనే కణాలని తేలింది. పొలంలో ఒక పంట వేశామనుకుని ఏళ్ల తరబడి ఇంకో పంటకు లెక్కలు రాసుకున్నట్టయింది.

దీనివల్ల మనకేం అంటారా? రోజూ పేపర్లో, వాట్సాప్‌లో "ఫలానా ఆకు రసం రక్తంలో గడ్డలను కరిగించే ప్రోటీనును ఇన్ని రెట్లు పెంచుతుందని ప్రయోగశాలలో రుజువైంది" అన్న వార్తలు వస్తుంటాయి. దాన్ని నమ్మి డాక్టరు రాసిన మాత్రలు మానేసేవాళ్లు ఉంటారు. అలాంటి వార్త కనబడితే ఈ ప్రశ్నలు వేయండి: అవి ఏ కణాలు, ఎక్కడి నుంచి తెచ్చినవి? నిలవ ద్రవంలోనా, పారే ద్రవంలోనా? ఏం పోసి పెంచారు, చక్కెర ఎంత? ఎన్నో నాటు? అంకెను దేనితో భాగించారు, ఒక్కో గిన్నెకా, ఒక్కో లక్ష కణాలకా? మందు కలపని గిన్నెను పక్కన పెట్టి పోల్చారా? వీటికి జవాబు లేకపోతే ఆ "రెట్లు" అన్న మాటకు విలువ లేదు. జవాబులున్నా, గిన్నె దాటి మనిషి దాకా ఇంకా చాలా దూరం ఉంది. మాత్రలు మాత్రం మానకండి.

మందుల పరిశ్రమలో పనిచేసేవారికి ఇది కొత్త కాదు. ఇందాక చెప్పిన టీపీఏ ఇంజెక్షనును కూడా కణాలను పెద్ద తొట్లలో పెంచే తయారు చేస్తారు. దానికి వాడేవి చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాలు. తొట్టిలో వేడి, ఆమ్ల గుణం, పోషకాలు కాస్త మారినా ప్రోటీను మీద ఉండే చక్కెర గొలుసులు మారతాయి. అందుకే ఆ రంగంలో చేసే పద్ధతి కూడా మందులో భాగమే అంటారు. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలు మొదటి రోజే నేర్చుకునేది, చేసిన ప్రతి పనినీ చేసిన వెంటనే రాసి, తేదీ వేసి, సంతకం పెట్టడం.

చివరగా సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో బడికి కొత్త ల్యాబు కట్టాలని నిర్ణయించారు, చాలా సంతోషం. గది, బల్లలు, సూక్ష్మదర్శినులు ఒక్కసారి కొంటే వస్తాయి. కానీ గాజుపలకలు, రసాయనాలు, పరీక్ష నాళికలు ఏటా కావాలి. నిధిలో కొంత భాగాన్ని బ్యాంకులో వేసి, దాని వడ్డీ ఏటా ఈ ఖర్చులకే వెళ్లేట్టు చూడండి. తాళం వేసిన అద్దాల బీరువా కంటే పగిలిన పరీక్ష నాళిక పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. రికార్డు పుస్తకంలో "పద్ధతి" అన్న భాగాన్ని బోర్డు మీది నుంచి ఎక్కించుకోనివ్వకండి. ప్రతి విద్యార్థీ తాను నిజంగా చేసింది రాయాలి. ఉల్లిపొర ఎక్కడిది, ఎంతసేపు రంగులో ఉంచాడు, నీళ్లు బోరువా, కుళాయివా అన్నవి రాయాలి. ఇద్దరి ఫలితాలు వేరుగా వస్తే మార్కులు తగ్గించకుండా, ఇద్దరి పద్ధతులూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాళ్లనే వెతకమనండి. ఆ అలవాటు పదో తరగతిలో పడితే, వాళ్లు తర్వాత రక్తనాళ కణాలు పెంచినా, రొయ్యల చెరువు పెంచినా పనికొస్తుంది.